నూట పదకొండో పేజీ

వాన ఆగలేదు. ఫారో దీవుల్లో అదేం వార్త కాదు.
లైబ్రరీ నేల మీద బూటుకో మడుగు.
పాతబడ్డ పుస్తకాలు ఏరేయమని
తోర్షావ్న్ నుంచి కాగితం వచ్చింది.
మొదట చేతికి తగిలింది ఆ నవలే:
పన్నెండేళ్ల పిల్ల, ఒక వేసవి, ఒక దీపస్తంభం.
వెన్నుకి టేపు వేసుకుని
చెట్టు మీంచి పడ్డ పిల్లాడిలా చూసింది నన్ను.
(ఇక్కడ చెట్లు లేవు. అయినా పిల్లలు
ఎక్కడో ఒకచోటి నుంచి పడుతూనే ఉంటారు.)

వెనకట్ట లోపల ఎప్పుడో నేనంటించిన కాగితం:
చదివాక ఒక్క మాట రాసి పొండి.
దారం కట్టినా సరే
ఏడాదికి నాలుగు పెన్సిళ్లు పోయేవి.

"కుక్క చచ్చిపోతుందని ముందే చెప్పాల్సింది."
హానుస్, తొమ్మిదేళ్లు.
దాని కిందే ఇంకెవరో,
"నువ్వు చెప్పావుగా. సంతోషం."

సోల్రున్ సగంలో వదిలేసింది.
"మా అక్కా ఇలాగే తలుపేసుకుంటుంది.
ఇంట్లో ఒకత్తె చాలు."

బార్దుర్‌కి లెక్కలంటే ప్రాణం.
"స్తంభానికి మొదట్లో తొంభై ఒక్క మెట్లు,
చివర్లో ఎనభై ఎనిమిది. రచయిత్రి చూసుకోలేదు."
పక్కన సన్నటి అక్షరాల్లో జవాబు:
"వేసవంతా పెరిగింది కదా,
మూడు చోట్ల రెండేసి దాటి ఉంటుంది."

సిరాతో రాసింది ఒక్కరే.
"నూట పదకొండో పేజీ ఈ వయసుకి తగదు."
ఆ చేతిరాత ఎవరిదో నాకు తెలుసు.
ఊరు చిన్నది, చెప్పను.
రాసి ఊరుకోలేదు, ఆ ఆకుని
ముందు ఆకుతో కలిపి క్లిప్పు పెట్టి వెళ్లాడు.

ఏముంది ఆ పేజీలో?
ముద్దు లేదు, కత్తి లేదు.
గొర్రెమాంసం ఆరేసిన కొట్టంలో
వేలాడే తొడల మధ్య నిలబడి
ఆ పిల్ల తండ్రి ఏడుస్తుంటాడు.
పిల్ల చూస్తుంది.
చప్పుడు కాకుండా వెనక్కి వచ్చి
ఆలుగడ్డలు తొక్క తీస్తుంది.
అంతే.

తక్కిన పేజీలన్నీ ఓ మోస్తరు తెలుపు.
అదొక్కటే వేలిముద్రలతో నల్లబడి,
క్లిప్పు తుప్పు గోధుమరంగు మచ్చగా దిగి.

కాగితం మధ్యలో
మార్యున్, పదకొండేళ్లు: "బోర్."
అట్టడుగున, చోటు లేక అంచు వెంట వంగుతూ,
అదే కొక్కెం తోకల రాత, కాస్త ఎదిగి:
"బోర్ అన్నది నేనే.
అప్పటికి మా నాన్న ఏడవగా నేను చూడలేదు."
వయసు వెయ్యలేదు. తారీఖూ లేదు.

తోర్షావ్న్ వాళ్ల ఫారంలో
'తీసివేతకు కారణం' అని ఒక గడి.
మధ్యాహ్నం దాకా ఖాళీగా ఉంచాను.
టీ ఒలికింది దాని మీద.
నిజంగా ఒలికిందే, నేనేం ఒంపలేదు.

క్లిప్పు మాత్రం పీకేశాను,
గోరు చివర చిట్లింది.
పుస్తకాన్ని మళ్లీ కింది అరలోకి,
ఎనిమిదేళ్ల చెయ్యి అందే చోటికి.

నిన్న తూరిద్ వచ్చింది, హానుస్ చెల్లెలు.
తిప్పి తిప్పి చూసి, మొహం ముడుచుకుని,
నా బల్ల దగ్గరికొచ్చి గట్టిగా అడిగింది:
క్లిప్పు తీసేస్తే
ఆ పేజీ ఎక్కడుందో మాకెలా తెలుస్తుంది?