జీడి మరక

నువ్వు లెన్సు గురించి అడిగావు, జోగారావూ.
నేను ముందు దుప్పటి గురించి చెబుతాను.

కాశీబుగ్గలో రెండొందల ఎనభైకి కొన్న
బూడిదరంగు ఉన్ని దుప్పటి.
గోడకి మేకులు కొట్టి వేలాడదీస్తే గది ప్రతిధ్వనిని మింగేస్తుంది.
గచ్చు మీద పరిచి
ఫోను పట్టుకున్నవాణ్ని కూచోబెట్టి మెల్లగా లాగితే
పట్టాల్లేని ట్రాలీ.
రాత్రి మూడింటికి ఎవరికైనా చలి పుడితే
అది మళ్లీ దుప్పటే.

బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం సర్దుకుంటారు.
మాట వినపడకపోతే సర్దుకోరు.
ఈ సంగతి నాకు నేర్పింది
మందసలో తెల్లపంచె కట్టి వేసిన మొదటి ఆటలో
నా వెనక కూచున్న ముసలాయన.
"ఆ పిల్ల ఏటంటందిరా?" అని మూడుసార్లు అడిగి
నాలుగోసారి లేచి
చెప్పులు వెతుక్కున్నాడు.

పలాసలో రైలుకి నీ స్క్రిప్టుతో పని లేదు.
గూడ్సు వస్తే నాలుగు నిమిషాలు నోరు మూసుకోవాల్సిందే.
మూడు రోజులు తిట్టుకున్నాం.
నాలుగో రోజు లోకనాథం గేటు దగ్గరికెళ్లి
గేటుమేన్‌కి టీ పోయించి
క్యాలెండరు కాగితం వెనక వేళలు రాయించుకొచ్చాడు.
అప్పట్నుంచి రైలు కూడా మా సినిమాలో వేషం కట్టింది.
మొగుడూ పెళ్లాల పోట్లాటలో
అసలు మాట రైలు కింద పడి వినపడదు.
ఎంత గొప్ప ఆలోచన అన్నారు చూసినవాళ్లు.
నేను కాదనలేదు.

అందరూ వెళ్లిపోయాక
ఖాళీ గదిని ఒక్క నిమిషం రికార్డు చేసుకో.
ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే:
ఒకదాంట్లో బల్లి, ఒకదాంట్లో దూరపు బాయిలరు.
ఎడిటింగులో అతుకు పడ్డ చోట
ఆ నిమిషమే దారం.

మొత్తం ముప్పై ఎనిమిది వేలు. పద్నాలుగు తిండికే పోయాయి.
తవిటమ్మ ఇడ్లీలు ఏడున్నరకి రాకపోతే
ఏడు నలభైకి ఆ ఆకలి క్లోజప్పులో కనిపిస్తుంది.

సరే. ఢిల్లేశ్వరి చేతుల సంగతి.
ఇది చెప్పడానికే ఇంత తిప్పాను.

జీడిపిక్కలు కొట్టే పనిలో పంతొమ్మిదేళ్లు.
వేళ్ల చివర్లు చమురుకి కమిలి
గోళ్ల అంచుల దాకా నలుపు.
ఆ చేతులు చూసే కథ రాశాను.
సెలవు పెట్టించి, రోజుకూలి ఇచ్చి
మేలు చేస్తున్నాననుకున్నాను.
క్లోజప్పులన్నీ ఆఖరికి దాచుకున్నాను, తెలివిగా.

ఎనిమిదో రోజుకి పొర ఊడిపోయింది.
కింద లేత చర్మం,
ఎవరో చిన్నపిల్ల చేతులు తెచ్చి అతికించినట్టు.

కాటుక రాశాం. బొగ్గు నూరాం.
తవిటమ్మ కొడుకు ఆటోలోంచి ఇంజనాయిలు తెచ్చి పూశాం.
అబద్ధానికి ఎంత దగ్గరగా వెళ్తే
ఫోను అంత స్పష్టంగా చూపిస్తుంది.

మా అవస్థ చూసి ఆవిడే నవ్వింది.
"రెండు షిఫ్టులు ఎల్లొచ్చీనా బాబూ,
మళ్లీ నల్లబడిపోతాయి కదేటి."

నేను వెంటనే వద్దనలేదు.
రెండు షిఫ్టులంటే ఎన్ని గంటలో
ఒక్క క్షణం లెక్కేశాను.
ఆ క్షణం సినిమాలో లేదు.
నా దగ్గరే ఉంది.

ఈలోగా టీ వచ్చింది.
ఆవిడ గ్లాసు అందుకుని
"ఓలమ్మో, కాలతంది!" అని వదిలేసింది.
గ్లాసు ముక్కలైంది.
పంతొమ్మిదేళ్లుగా వేడి ఎరగని వేళ్లు.
ఎవరో ఆపడం మర్చిపోయిన ఫోను
దుప్పటి మీద నడుస్తూనే ఉంది.
రెండో టేకు లేదు. అడగలేదు కూడా.

ఆ రాత్రి కథ మార్చాను.

సోమవారం ఆవిడ మళ్లీ పనిలోకెళ్లింది.
సినిమా పద్దెనిమిది నిమిషాలు వచ్చింది.

కాబట్టి, ఏది మారిపోతుందో దాన్ని ముందు తియ్యి.
తియ్యలేకపోతే
మారుతుంటే చూస్తూ కూచో.

లెన్సంటావా,
ఉన్నదాన్నే జేబురుమాలుతో తుడుచుకో.
జీడి పొగకి
గంటకోసారి జిడ్డు పడుతుంది.