దుమ్ము లెక్క

మొదట మేం దుప్పట్లు పంచాం.
నవ్వకండి.
పేరు పెట్టకముందే బిడ్డకు దుప్పటి కప్పే లెసోతో కొండల్లో,
మంచు కురిసిన జూన్ నెల ఆదివారం నాడు,
దూరదేశపు సంఘమేదో పంపిన నలభై రెండు దుప్పట్లు
పేర్లు పిలిచి మరీ పంచాం.
ఫొటో దిగాం.
పద్దు రాసింది నేనే, కోశాధికారిని.

సోమవారం తెల్లారేసరికి
ఒక దుప్పటి చర్చి మెట్టు మీదికి తిరిగొచ్చింది,
అంచుకు అంచు కలిపి, నాలుగు మడతలతో.
మడతల్లో కాగితాలు.
పద్నాలుగు పేజీలు, ఇంగ్లిషు, అన్నీ ఖాళీ గళ్లు.
మొదటి పేజీ మూల బొగ్గుముక్కతో
మా భాషలో రెండు ముక్కలు:
"కప్పుకోడానికి నాకుంది.
ఇది చదివిపెట్టేదెవరు?"

ఎవరి రాతో వెంటనే తెలిసింది.
త్సెలిసో పెద్దాయన
ఇరవై ఆరేళ్లు జోహన్నెస్‌బర్గ్ అడుగున బంగారం తవ్వాడు.
బంగారం అక్కడే ఉండిపోయింది.
రాతిదుమ్ము మాత్రం ఆయన వెంట సరిహద్దు దాటొచ్చి
ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టింది.
ఆరాధనలో వెనక బెంచీ ఆయనది.
ఆయనకు దగ్గు తెర వస్తే
మేం కీర్తన గొంతు పెంచేవాళ్లం.
పెంచేవాళ్లం. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది.

ఆ వారం పెద్దల కూటంలో గొడవ.
"మన పని సువార్త, గుమస్తాగిరీ కాదు" అన్నాడొకాయన.
మాలినెవో మాత్రం
ఊట దగ్గర నీళ్లు పట్టుకుంటూ మాట్లాడినట్టే, మెల్లగా,
"చూపు లేనివాణ్ణి కూడా ఆయన ముందు అడిగాడు కదా,
నీకేం కావాలని.
కళ్లెదుట కనబడుతున్నా అడిగాడు.
మనం ఎవర్నడిగాం?" అంది.
ఎవరూ పలకలేదు.
పైకప్పు మీద మంచు కరిగి
బిందెలో చుక్క పడ్డ చప్పుడొకటి.

అప్పట్నుంచి బుధవారాలు.
రొట్టె విరిచే బల్లే కడుగుతాం, మాకు వేరే బల్ల లేదు.
కాగితాలు జారకుండా దానిమీద
వెనక్కొచ్చిన ఆ దుప్పటి పరుస్తాం.
బిస్కెట్ డబ్బాలు తెచ్చి బోర్లిస్తారు:
చివికిన జీతం చీటీలు, గని నంబరున్న ఇత్తడి బిళ్ల,
ఒకరి డబ్బాలో ఎవరిదో పన్ను,
ఎందుకు దాచాడో అడగలేదు.
తొమ్మిదో తరగతి లిపూవో చదువుతుంది, నేను నింపుతాను.
పుట్టిన తేదీ?
"గొర్రెలన్నీ మంచులో చచ్చిన ఏడాది."
గడిలో అంత చోటు లేదు.
ఏ స్థాయిలో పనిచేశారు?
చెయ్యి కిందికి చూపిస్తారు, ఇంకా కిందికి, వంగి నేల తాకేదాకా.
ఆ లోతు పట్టే గడి అసలే లేదు.

పైకప్పు నిధి తీసి టాక్సీ మాట్లాడాం,
నలుగురికి ఎక్స్‌రే, రానూపోనూ, మధ్యలో రొట్టె, టీ.
ఏ ఖాతా కింద రాయాలో తోచక
"కారుతున్నవి" అని రాశాను.
ఆడిటరు ఎర్రసిరాతో పక్కన ప్రశ్నగుర్తు పెట్టాడు.
అది అలాగే ఉంది, కప్పు చిల్లూ అలాగే ఉంది.

అందరికీ డబ్బు ముట్టిందని అబద్ధం చెప్పలేను.
పదిహేడు పంపాం, మూడింటికి జవాబు.
అందులో ఒకటి మోఖెతి పేరు మీద,
ఆయన్ని పాతిపెట్టిన పదకొండో రోజున.
ఆయన భార్య ఆ ఉత్తరాన్ని తలకిందులుగా పట్టుకుని
చాలాసేపు చూసింది.
లిపూవో తిప్పి చేతికిచ్చింది,
చదవమనలేదు, చదవలేదు.
ఆ పూట ఫారాలేవీ నింపలేదు.
మీగడ లేని టీ కాచుకుని
చీకటిపడేదాకా ఆమె పక్కన కూచున్నాం.
ఆ సాయంత్రాన్ని పద్దులో ఎక్కడా రాయలేదు.

ఇప్పుడు ఆదివారాల్లో
త్సెలిసోకు దగ్గు తెర వస్తే
పాస్టరు ప్రసంగం ఆపుతాడు.
వాక్యం మీద వేలు తియ్యకుండా
అలాగే నిలబడతాడు.
మేమంతా వింటాం,
ఆయన పూర్తి చేసేదాకా.