నిండుకున్నాయి

అమ్మాన్‌లో, జబల్ నదీఫ్ కొండమీద
మా ఇంటికి వారానికొక్కసారే నీళ్ళు.
మంగళవారం రాత్రి.
మిగతా ఆరు రోజులూ
డాబా మీది తెల్ల ట్యాంకుదే రాజ్యం.

దాని కడుపులో ఎంతుందో చెప్పే ఉద్యోగం నాది.
ఎనభై ఒక్క మెట్లెక్కి
మెటికతో తడుతూ పైనించి కిందికి వస్తే
గుల్లమోత ఒకచోట ఆగిపోతుంది,
అక్కణ్ణించి మొద్దుమోత.
ఆ గీత దగ్గర చెవి ఆనించి
మెట్లసందులోకి కేకేసేవాణ్ణి:
"తొడ దాకా!" "మోకాలి దాకా!"
అమ్మ ఆ కొలతతోనే
బట్టలు నానబెట్టేది, లేదా మానేసేది.

మా నాయనమ్మ, తేతా, మాత్రం
నీళ్ళు లేవనే మాట నోట రానిచ్చేది కాదు.
నిండుకున్నాయి, అనాలి.
లేవు లేవంటే
లేకుండానే పోతాయట.

అక్క అరీజ్‌కి పదో తరగతిలో సైన్సు ప్రాజెక్టు.
తోటివాళ్ళంతా వంటసోడాతో అగ్నిపర్వతాలు చేస్తుంటే
తను బజారుకి దిగింది.
ఆ వీధి పేరే ఏటి పైకప్పు,
కింద ఏరుందంటారు, మేమెవరం చూళ్ళేదు.
అక్కడ పాత రేడియోలు విప్పే అబూ ఖలదూన్ దగ్గర
నాలుగు ట్రాన్సిస్టర్లు, నాలుగు బుడ్డిదీపాలు,
గుప్పెడు రెసిస్టర్లు, ఒక బజరు
దీనారున్నరకి బేరమాడి తెచ్చింది.
"మూడు కాళ్ళలో ఏది ఏదో పొరబడితే కాలిపోద్ది,
మళ్ళీ నా దగ్గరికి రాకు."
మొదటి రాత్రే ఒకటి కాలింది.
మళ్ళీ వెళ్ళింది.
తిట్టి, ఊరికే ఇచ్చాడు.

నీళ్ళు తీగని తాకితే చాలు,
చీమంత కరెంటు వాటిలోంచి పాకొచ్చి
ట్రాన్సిస్టరు తలుపు తోస్తుంది,
దీపం వెలుగుతుంది. ఇంతే, అంది అక్క.
ఇంతేనా, అన్నాను,
ఉద్యోగం ఊడబోతున్నవాడి గొంతుతో.

బకెట్లో బ్రహ్మాండంగా పనిచేసింది.
ట్యాంకులో పదిరోజులకే
రాగికొసలు చిలుమెక్కి మూగబోయాయి.
ఆ వారం తేతా పెట్టెలో అయిదు స్టీలు చెంచాలు మాయం.
తేతా లెక్కపెట్టుకుంది, ఏమీ అనలేదు.
టీలో పంచదార ఫోర్కు తోకతో కలుపుకుంది.

వంటింటి గోడమీద ఇప్పుడు
ఎరుపు, పసుపు, పచ్చ,
అన్నిటికంటే పైన బజరుతో కలిసి ఇంకో పచ్చ.
మంగళవారం రాత్రి రెండింటికి పైపు దగ్గింది.
ఎరుపు.
చాలాసేపటికి పసుపు.
మూడోది వెలిగేసరికి మసీదులో తెల్లవారు పిలుపు.
నాలుగోది రాలేదు.
మరుసటి మంగళవారం రాలేదు.
ఆపై వారం మూడోది కూడా మనసు మార్చుకుంది.

మార్కులు వెయ్యడానికి ఇంటికొచ్చిన మిస్ ఇంతిసార్
గోడవంక చూసి పెన్ను మూత తీసింది.
"నాలుగోది పనిచెయ్యట్లేదు కదమ్మా."
అక్క వాదించలేదు.
ఆవిణ్ణి ఎనభై ఒక్క మెట్లూ ఎక్కించింది.
ట్యాంకు మూత జరిపి
అడుగు చెంచాని పైకి లాగి,
పై చెంచాతో కలిపి
ఒక గ్లాసు నీళ్ళలో ముంచింది.

నాలుగంతస్తుల కింద, వంటింట్లో
ఎన్నడూ కూయని బజరు కూసింది.
అమ్మ పిండిచేతులతో మెట్లమీదికి పరిగెత్తుకొచ్చి
"నిండిందా? ఒరే, నిండిందా?"

మేం ముగ్గురం
ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.
మిస్ ఇంతిసార్ పెన్ను సంచిలో వేసుకుని
అక్క చేతిలోంచి గ్లాసు అందుకుని
చుక్క పక్కకి పోకుండా
ట్యాంకులోకే తిరిగి వంచింది.

మార్కులు ఎన్నొచ్చాయో గుర్తులేదు.
తేతా పొద్దున్నే గోడవంక చూస్తుంది.
ఎర్రదొక్కటే ఉంటే
నిండుకుంటున్నాయి, అంటుంది మెల్లగా,
దానికి మర్యాద నేర్పుతున్నట్టు.
అది వినదు. నీళ్ళున్నంతసేపు ఉంటుంది,
తరవాత ఉండదు.

నేను మాత్రం ఇంకా
పనేం లేకపోయినా డాబా ఎక్కి
ఒక్కసారి తట్టి వస్తుంటాను.