ఎండకు ఏ రంగు

ఫహాహీల్‌లో, సముద్రం వెనక వీధి నర్సరీలో
గిన్నెలు కడిగే పని నాది.
అన్నం గిన్నెలు కావు, రంగు గిన్నెలు.

చేరిన వారంలోనే ఒక తప్పు చేసినా.
ఘాలియా అనే నాలుగేళ్ళ పిల్ల
సూర్యుణ్ణి తెల్లగా వదిలేస్తే
పసుపులో ముంచిన కుంచె చేతికిచ్చినా.
మెర్లిన్ టీచరు నా మణికట్టు పట్టుకుంది, మెల్లగా:
"ఓబుళమ్మా, కిటికీలోంచి చూడు."
చూసినా. జూన్ నెల. దుమ్ములో సూర్యుడు
సున్నం పూసిన పళ్ళెం మాదిరి ఉండాడు.
పదకొండేళ్ళుగా ఇంటింటి పనికీ
ఈ ఎండలోనే నడిచినా.
నేను చూడలేదు, పిల్ల చూసింది.

అప్పట్నుంచి ఏదీ సరిదిద్దను.
ఒంటెకు ఆరు కాళ్ళుంటే ఉండనీ,
పరిగెత్తుతా ఉందంట, ఫైజల్ చెప్పినాడు.
ఇసుక ట్రేలో ఏడు చుక్కలు పెట్టి
కలపండి అంటే,
ఒక్కో చుక్కనూ వేలితో కప్పి నిద్రపుచ్చినారు.
అదీ ముగ్గే అనుకున్నా.

మొన్న గురువారం పిల్లలు తక్కువ.
ఘాలియా నా ముందుకొక కాగితం తోసింది.
నాకు నలభై మూడు.
మా ఊరి బడిలో పలకే, అదీ రెండో తరగతి దాకా.
క్రేయాన్ గట్టిగా పట్టుకుంటే పుటుక్కున విరిగింది.
పిల్ల నవ్వలేదు. ముక్కలు రెండూ ఎంచి
ఒకటి తను తీసుకుంది.

ఏం గీసినానో చెప్పను.
అందరి బొమ్మల నడుమ తాడుకు క్లిప్పు పెట్టినాం,
ఏసీ గాలికి ఊగింది.
పేరు రాయడం మరిచినాం.
సాయంత్రం ఎవరో తల్లి
తన బిడ్డ గీసిందే అనుకోని
మడత పడకుండా పట్టుకుపోయింది.