గోడ మీది బిల్లు

మోడరేటర్ ఏడు నిమిషాలిచ్చాడు.
బూట్ల బురద విదిల్చుకోవడానికే ఒకటి పోయింది.

నేను ఒడెట్ పెల్కీని. తెలుసు, తెలుసు,
పంతొమ్మిదేళ్లుగా హార్లో కార్నర్స్ పిల్లల్ని
నాలుగో నంబరు బస్సులో
గుంతలు తప్పించి బడికి చేర్చేదాన్ని.
జనవరి నుంచి మాంట్‌పీలియర్ శాసనసభలో
మీ తరపున కుర్చీ కాపలా కాస్తున్నాను.
సెషన్ సగానికొచ్చింది.
సగం లెక్క అప్పజెప్పడానికొచ్చాను.

మేపుల్ రసం డబ్బాల మీద గ్రేడు ముద్ర:
నూట ముప్పై ఎనిమిదికి ఇద్దరు.
ఆ ఇద్దరూ ఎందుకు కాదన్నారో వాళ్లకే తెలియాలి.
వంతెనలు: మనమడిగింది నాలుగు, దక్కింది ఒకటిన్నర.
అర వంతెన ఎలా దాటాలని నవ్వకండి, గాస్ గారూ,
అర అంటే ఈ ఏడు కొలతలు, వచ్చే ఏడు కాంక్రీటు.
పాల ధర బిల్లు కమిటీ గదిలో గోడకు వేలాడుతోంది.
మాటవరసకు కాదు, అక్కడ నిజంగానే గోడ ఉంది:
మేకులు, క్లిప్పులు, అంకెలేసిన కాగితాలు.
ఎవరూ చంపరు, ఎవరూ కిందికి దించరు.
హీటరు ఊపిరికి అంచులు అల్లాడుతుంటాయి.
పొద్దున్నే కాఫీ కప్పుతో వెళ్లి చూసొస్తాను,
ఆస్పత్రిలో చుట్టాన్ని చూసినట్టు.

ఇంకా మూడు నిమిషాలు.
ఆ దగ్గేదెవరో కాసిన్ని నీళ్లు తాగండి.

సరే. బడి బిల్లు.

అరవై మంది లేని బడిని పక్క ఊళ్లో కలపాలి.
మనకున్నది ముప్పై నాలుగు మంది.
అక్టోబరులో ఇదే హాల్లో, గరగరమనే ఇదే మైకులో
నా బొందిలో ప్రాణముండగా జరగనివ్వనన్నాను.
చప్పట్లు కొట్టారు మీరు.
లెనోర్ బ్లూబెర్రీ పై కోయకుండా
మొత్తం నా చేతిలో పెట్టింది.

మినహాయింపు కోరాను. రెండు ఓట్లతో పోయింది.
తర్వాత పేరుపేరునా పిలవడం మొదలెట్టారు.
అక్షరాల వరసలో నాది నూట అయిదో పేరు.
నూట నాలుగు గొంతులు విన్నాక నా వంతొచ్చింది.
తర్వాత చెబుతానన్నాను.
గోడ మీద ఉండాల్సింది బిల్లు కదా,
పిల్లినై నేనెక్కి కూర్చున్నాను.

ఎటు దూకాలో చూసుకోవడానికి కాదు.
అబద్ధం. కొంత అందుకే.
మిగతాది, నిరుడు చలికాలం నా బస్సులో వెనక సీటు పిల్ల.
పేరు చెప్పను, మీకు తెలుసు.
రెండో తరగతి మొత్తానికీ తనొక్కతే.
ఇద్దరిద్దరు కూర్చోండని టీచరన్నప్పుడు
ఊలు తొడుగుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుందట.
ఇంటిదాకా వాటితోనే కబుర్లు.
నేను అద్దంలో చూస్తుండేదాన్ని,
రోడ్డు చూడాల్సిన కళ్లతో.

రెండోసారి పిలిచినప్పుడు అవునన్నాను.
డెబ్బై నాలుగు, డెబ్బై.
నా ఓటు తిరగబడ్డా గెలిచేదే.
ఆ మాటతో బయటపడదామని
మంచు దారిలో గంటన్నర సాధన చేస్తూ వచ్చాను.
ఇప్పుడు నోరు రావట్లేదు.

వంటింట్లో సూప్ గిన్నె మూత ఎగిరెగిరి పడుతోంది.
లెనోర్ నా వైపు చూడదు.
పేపరు ప్లేట్లు లెక్కపెడుతోంది,
మళ్లీ మొదట్నుంచి.

గాస్ లేచారు. తిట్లకు సిద్ధపడ్డాను.
"కలిసిపోయాక నాలుగో బస్సుంటుందా?
చీకటితో ఆ కొండ మీంచి ఎవరు తోలతారు?"

చట్టంలో ఆ వాక్యం లేదు, గాస్ గారూ.
నేను రాయించాల్సింది. తోచలేదు.
పంతొమ్మిదేళ్లు తోలినదానికి తోచలేదు.

మోడరేటర్ సుత్తి కొట్టాడు. పదకొండో అంశం,
మంచు తోసే ట్రక్కుకు టైర్లు.

కూర్చునే ముందు ఒక్క మాట.
ఈ వారం సభకు సెలవు.
రేపు ఆరూ నలభైకి బస్సు నాదే.
కోపమున్నవాళ్లు కూడా పిల్లల్ని మలుపు దాకా పంపండి.
బురద ఎక్కువగా ఉంది, లోపలికి రాలేను.