గుర్రం వయసు

మా నాన్న బొటనవేలితో
గుర్రం పై పెదవి ఎత్తి ఏళ్ళు చెప్పేవాడు.
పాలపళ్ళు రాలి కొత్త జత మొలిస్తే శుద్లెన్,
కోరపన్ను తోసుకొస్తే సోయోలోన్.
మా భాషలో మూడేళ్ళ గుర్రం పేరులోనే
పన్ను ఉంటుంది.

దంతవైద్యం చదువుతానంటే
"మనుషులు అంత తేలిగ్గా నోరు తెరవరే" అన్నాడు.
అని, నలభై మేకల ఉన్ని అమ్మి
మొదటి ఏడాది ఫీజు కట్టాడు.

ఉలాన్‌బాతర్‌లో
మైనపు ముద్దల్లోంచి దవడపళ్ళు చెక్కాను.
ఒక్కోదానికీ కొండలు, లోయలు, ఎవరూ వెళ్ళని దారులు.
ప్రొఫెసర్ ఓయూంబిలెగ్ నా ఆరో పన్ను తిప్పి చూసి
"ఇది పన్నా, మాంసం కుడుమా?" అంది.
బొగ్గు పొగ కమ్మిన చలికాలం,
డ్రిల్లు కింద కాలిన పన్ను వాసన
ఎంత కడిగినా జుట్టు వదిలేది కాదు.
బస్సులో పక్కవాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళు.

నాలుగో ఏడాది వేసవి, గడ్డి మైదానంలో క్యాంపు.
మడత కుర్చీ, జనరేటరు, నుదుటికి దీపం.
గుర్రాల్ని మాలిమి చేసే గొంచిగ్ వచ్చాడు
బుగ్గ బూరెలా వాచి.
మూడు వారాలు పంటి బిగువున ఓర్చాడట,
నొప్పి ఉన్నదీ ఆ పంట్లోనే.
కూర్చున్నాడు గాని నోరు తెరవడు.

నాకేం తోచిందో,
"తాతా, మీ వయసు చెప్పనా?" అని
బొటనవేలితో పెదవి ఎత్తాను.
నవ్వాడు.
ఆ నవ్వు సందులోంచి అద్దం లోపలికి పోనిచ్చాను.
"డెబ్బై ఎనిమిది."
"అరవై ఒకటి" అన్నాడు, నా వేళ్ళ మధ్య నుంచే.

మిగతా పదిహేడూ
ఎండిన జున్నుగడ్డలు కొరికినవి,
గడ్డకట్టిన తాళ్ళ ముడులు పళ్ళతో విప్పినవి,
మందంతా మంచులో చచ్చిన ఏడాది
నిద్రలో నూరుకున్నవి.
పుస్తకంలో ఒకే మాట: అరుగుదల.

మత్తు ఎక్కింది.
"మణికట్టు తిప్పు, భుజం కదపకు"
వెనకనుంచి ఓయూంబిలెగ్.
భుజమే కదిలింది.
అయినా మూడు వేర్లూ విరక్కుండా వచ్చాయి.

చెత్తబుట్టలో వెయ్యబోతే అరచెయ్యి చాపాడు.
పన్నుని గొర్రె కొవ్వులో చుట్టి
బయట తన కుక్కకు వేశాడు,
పాలపన్ను ఊడిన పిల్లలకు చేసినట్టే.
"కొత్తది మొలుస్తుందిగా, డాక్టరూ?"
దూది కరుచుకున్న నోటితో అడిగాడు.

ఇంకా డాక్టర్ని కాను, ఏడాది ఉంది.
ఆ మాట చెప్పబోయి నోరు తెరిచాను.
ఆయన నా పళ్ళకేసి చూస్తున్నాడు.
"ఇరవై రెండు" అన్నాడు.
సరిగ్గా చెప్పాడు.