చేతులు కడుక్కొని రా

కొండమల్లేపల్లి చౌరస్తాల
షట్టరు సగం లేపంగనె
గఫూర్ ఉస్తాద్ నా మొకం జూడలె,
అరచేతులు జూసిండు.

పొద్దుగాల మా అవ్వ నెత్తికి పెట్టిన కొబ్బరినూనె
ఏళ్ల సందుల ఇంకా మెరుస్తున్నది.
"చేతులు కడుక్కొని రా."
కడిగొచ్చిన. వాసన జూసిండు.
"మళ్ల."
మూడోపారి బట్టల సబ్బు పెట్టి రుద్దితె
అవ్వ చెయ్యి నా చేతులల్లకెల్లి జారి
మోరిల కొట్టుకపోయినట్టు
ఏడుపొచ్చింది.

నల్ల సిలిండరు ఒకటి,
గోరింటాకు పండిన రంగుది ఒకటి.
గోడకు నిలబెట్టి నడుముకు గొలుసేసిండు.
"గీ ఎర్రదాన్ని పండవెట్టొద్దు బిడ్డా,
లోపట మందు తాగిన గుల్లరాయి ఉంటది.
ఆటోల అడ్డం పడి వచ్చిందనుకో
లేపి నిలవెట్టి కొన్ని గంటలు
దాని మానాన దాన్ని ఇడిసిపెట్టు."
నిద్రవోతున్న ముసలోళ్ల గురించి
చెప్తున్నడేమో అనుకున్న.

మీటరు బిగించకముందు
మూతి కాడ చిటికెడంత తిప్పి మూసిండు.
బుస్సుమన్నది.
నోట్ల దుమ్ము ఉమ్మేసుకున్నది.

నీలం పైపు నట్టు అందరి లెక్కనె కుడికి బిగుస్తది.
ఎర్ర పైపుది ఉల్టా.
అంచుల మీద గాట్లుంటయి,
చీకట్ల గూడ ఏలు గుర్తువడుతది.
ఒకదాని మూతి ఇంకోదానికి దొరకొద్దని
ఎవడో, ఎన్నడో, కూసోని ఆలోచన జేసిండు.
వాని పేరు నాకు తెల్వది.
నా పానం వాని చేతుల ఉన్నది.

అప్పుడొచ్చింది బత్తాయి లారీ.
ఎనుక డోరు కీలు ఇరిగి
పండ్లు ఒక్కొక్కటి రోడ్డు మీద దొర్లుతున్నయి.
"మార్కెట్ తప్పుతది, జల్ది చెయ్యి సాబ్, జల్ది!"
నల్ల సిలిండరు కాడ నట్టు మొండికేసింది.
డ్రైవరు ఉరికొచ్చిండు, రెండేళ్ల మీద గ్రీజు తోని.
"గింత రాస్తె సుర్రున తిరుగుతది."

ఎన్నడు గొంతు లేపని ఉస్తాద్
వాని చెయ్యి ఎగిరిపడెటట్టు కొట్టిండు.

గ్రీజు మీద మట్టి కప్పినంక,
నా దిక్కు మర్లి, మెల్లగ:
"ఆక్సిజన్‌కు జిడ్డు జూపిస్తె
అది అగ్గిపుల్ల అడగది."
ఆయన ఎడమ కనుబొమ్మ ఉండాల్సిన కాడ
నున్నటి చర్మం.
గప్పటిదాంక పుట్టుకతోనె అట్లున్నదనుకున్న.

నట్టు ఇప్పి, పొడిబట్టతోని తుడిసి,
మళ్ల నెమ్మదిగ ఎక్కించిండు.
"ముందుగాల మీటరు స్క్రూ ఇప్పు, వదులుగ ఊగాలె.
దాని మొకానికి ఎదురుంగ నిలబడకు, పక్కకుండు.
నల్లది మెల్లమెల్లగ మొదలువెట్టి, పూరా తెరువు.
ఎర్రది ఒక్క చుట్టుకు లోపలనె ఆపు,
తాళంచెవి దాని మీదనే ఉండనియ్యి.
అగ్గి అంటుకున్న నాడు
చెవి ఏడున్నదని ఎతుకుతవా?"

నా చేతులు కడిగిన సబ్బు నురుగునే
కుంచెతోని కీళ్లకు రాసిండు.
డ్రైవరు హారన్ కొడుతున్నడు.
ఉస్తాద్, నేను
ఒక బుడగ కోసం ఎదురుజూస్తున్నం.
ఎర్ర నట్టు కాడ లేసింది,
ఆవగింజంత.
అన్నీ మూసి, బిగించి, మళ్ల నురుగు.
ఈసారి లేవలె.
హారన్ గూడ ఆగింది.

ఒక్కో పైపుల పాతగాలి బయటికి తోలి
ఎర్ర నాబు తిప్పి, చెకుముకి లైటరు గీకిండు.
ముందు మసి, పసుపుపచ్చ మంట.
నీలం నాబు కొంచెం కొంచెం తిప్పంగ
మంట నడుమ నీలం మొగ్గ
నిలవడ్డది.
కీలు అతకనీకె నాలుగు నిమిషాలు పట్టలె.

డ్రైవరు పోతపోత
నా ఒళ్లె రెండు బత్తాయిలు ఏసిండు.
ఒకటి ఒలుస్తుంటె తొక్కలకెల్లి
సన్నటి జల్లు ఏళ్ల మీద పడ్డది.
ఉస్తాద్ తల లేపలె.
"తొక్కల గూడ నూనె ఉంటది,"
అనుకుంట
సబ్బు దిక్కు ఏలు జూపిండు.